నిలిచినదే బొమ్మ... కదిలినదంతా మంచు!

ఆదివారం అబిడ్స్. ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాల గుట్టలు. బేరమాడేవాళ్లు, తోసుకుంటూ పోయేవాళ్లు, ఆగని హారన్లు... ఆ రద్దీలో ఓ స్టాండు మీద కెమెరా పెట్టి, షట్టర్‌ని అయిదు నిమిషాలు తెరిచి ఉంచితే ఏమవుతుంది? జనం మాయం! బస్సులూ, ఆటోలూ మాయం! జీపీఓ భవనం, పుస్తకాల గుట్టలు, వాటి పక్కన కదలకుండా కూర్చుంటే అమ్మే మనిషి... బొమ్మలో మిగిలేవి ఇవే.

ఈ గారడీ కొత్తదేం కాదు. 1838లో పారిస్‌లో లూయీ డాగేర్ తన కిటికీలోంచి ఓ వీధిని ఫొటో తీశాడు. అప్పట్లో పలక మీద బొమ్మ పడాలంటే నిమిషాలు పట్టేది. దాంతో కిటకిటలాడే వీధి కాస్తా ఖాళీగా వచ్చింది. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకేచోట నిలబడ్డ మనిషి మాత్రం బొమ్మకెక్కాడు!

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలానికి గాజు పలకల వేగం పెరిగింది. ఇప్పుడు సెకనులో వెయ్యో వంతు చాలు. అయినా కొందరు పనిగట్టుకుని ఆ పాత నిదానాన్నే వెతుక్కుంటారు. అదీ నీళ్ల దగ్గర, పొగమంచులో, నలుపు తెలుపుల్లో.

చలికాలం... తెల్లవారుజాము

అలాంటివాళ్లకి హుస్సేన్‌సాగర్ ఉంది. ఆ వేళప్పుడు నాంపల్లి నుంచి ఆటోలో పది నిమిషాలు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేని రాత్రుళ్లు నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని తాకిన గాల్లోని తేమ సన్నటి బిందువులై తేలుతుంది. అదే పొగమంచు. ఎండ ముదిరితే ఇక ఉండదు. అన్ని రోజులూ దొరకదు కూడా.

వెలుగొచ్చాక షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే బొమ్మ తెల్లగా పాలిపోతుంది. అందుకే లెన్సుకి నల్లకళ్లద్దాల్లాంటి ఫిల్టర్ తొడుగుతారు. 'టెన్ స్టాప్' ఫిల్టర్ అయితే వెలుగుని ఇంచుమించు వెయ్యో వంతుకి తగ్గిస్తుంది. సెకనులో ఎనిమిదో వంతు సరిపోయే చోట రెండు నిమిషాలు పడుతుందన్నమాట. ఆ రెండు నిమిషాల్లో అలలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నీళ్లు పాలపొగలా మారతాయి.

చిక్కులూ ఉన్నాయి. మంచు తెల్లదనాన్ని కెమెరా బూడిదరంగు అనుకుంటుంది. దాని లెక్క కన్నా ఒక స్టాప్ వెలుగు ఎక్కువివ్వాలి. లెన్సు మీద తేమ పడుతుంది. మెత్తటి గుడ్డ దగ్గరుండాలి. వేలు తగిలినా స్టాండు కదులుతుంది. కేబుల్‌తోనో, టైమర్‌తోనో నొక్కాలి.

మరి రంగులెందుకు వద్దు? మంచులో రంగులు ఎలాగూ వెలిసిపోతాయి. మిగిలేది ఛాయలే. దగ్గరి రాయి నల్లగా, నీళ్ల నడుమ బుద్ధుడు బూడిదరంగులో, అవతలి గట్టు ఉందో లేదో అన్నట్టు... దూరాన్ని కొలిచేది ఆ ఛాయలే.

ఆ బుద్ధుడిదీ ఓ కథ. 1990లో పడవ మీద తీసుకెళ్తుండగా విగ్రహం సాగర్‌లో మునిగిపోయింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. 1992లో పైకి తీసి నిలబెట్టారు. కదిలేవన్నీ చెరిగిపోయే ఈ బొమ్మల్లో ఇప్పుడు చెక్కుచెదరకుండా నిలిచేది ఆయనే!

బొమ్మ చెప్పనిది

ఒక్క మాట. అలలతోపాటు నీళ్ల మీద తేలుతూ కదిలే చెత్త కూడా ఆ రెండు నిమిషాల్లో చెరిగిపోతుంది. ఏళ్ల తరబడి మురుగు కలిసిన చెరువు, బొమ్మలో అద్దంలా మెరుస్తుంది. వాసన ఎలాగూ ఫొటోకి ఎక్కదు.

అందుకే ఫిల్టర్ తీసేసి, అక్కడే మామూలుగా ఇంకో ఫొటో తీసుకుంటే మంచిది. గోడకి మొదటిదే తగిలించుకోవచ్చు. కానీ ఇంట్లో పిల్లలకి చెరువు గురించి చెప్పాల్సి వస్తే మాత్రం... రెండూ చూపించాలి.