కాచినా పోనిది ఏది?

పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. చుట్టూ చేరిన పిల్లలు రెప్ప వేయకుండా చూస్తున్నారు. అది ఎవరి వంటిల్లూ కాదు. కనిగిరి చేరువలోని ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు. మధ్యాహ్న భోజనం వండే పొయ్యి మీద అయిదో తరగతి సైన్సు పాఠం జరుగుతోంది.

మాస్టారు ముందుగా బురద నీళ్ళు గుడ్డలో వడకట్టించారు. మట్టి గుడ్డ మీదే నిలిచిపోయింది. తర్వాత ఉప్పు నీళ్ళు వడకట్టించారు. రుచి చూసిన పిల్లలు ముఖం చిట్లించారు. ఆ నీళ్ళనే సగమయ్యేదాకా కాచారు. చల్లారాక చుక్క నాలుక మీద వేసుకున్న ఓ పిల్ల, "ఇందాకటి కంటే ఇంకా ఉప్పగా ఉన్నాయి సార్!" అంది.

నీరు ఆవిరైపోయింది. ఉప్పు మిగిలిపోయింది. అయిన ఖర్చు రూపాయి లోపే. అంతలో ఆ పిల్లే మళ్ళీ అడిగింది: "మా అమ్మ రోజూ బోరు నీళ్ళు కాచి ఇస్తుంది. ఫ్లోరైడు పోతుందా సార్?"

పోదు. కాస్తే చచ్చేవి రోగాల పురుగులు. అందుకోసం కాచుకోవలసిందే. ఫ్లోరైడు మాత్రం ఉప్పులాగే నీటిలో కరిగి ఉంటుంది. కాచేకొద్దీ నీరు తగ్గి, మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది.

గడప ముందున్న పాఠం

ఈ ప్రాంతానికి ఇది పుస్తకంలో పాఠం కాదు, నోట్లోని పళ్ళ కథ. మన దేశంలో ఫ్లోరైడు వ్యాధిని 1937లో డాక్టర్ షార్ట్, ఆయన తోటివారు తొలిసారిగా వెల్లడించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోనివే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. మించిన నీరు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి. పాలపళ్ళు ఊడక ముందే చిగుళ్ళ లోపల అసలు పళ్ళు తయారవుతుంటాయి. చెడుపు జరిగేది అప్పుడే. అంటే ఎలిమెంటరీ స్కూలు ఈడు, అంతకు ముందు ఈడు.

అందుకే సైన్సు హైస్కూలుకు వెళ్ళాక చెప్పేది అనుకోవడం పొరపాటని మాస్టారి అభిప్రాయం. మూడో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం ఉంది. దాన్ని చదివించి, ప్రశ్నలకు జవాబులు రాయించి వదిలేస్తే మార్కులు వస్తాయి గాని బుద్ధి పదును తేలదంటారు. పిల్ల చేత్తో చేసి, కంటితో చూసి, తప్పయితే మళ్ళీ చేయాలి.

'ఖర్చు లేని సైన్సు' ఎంతవరకు?

సీసా మూతలు, కొబ్బరి చిప్పలు, సైకిలు ట్యూబు ముక్కలతో ఎన్నో చేయవచ్చు. మాస్టారు చేస్తున్నారు కూడా. అయితే ఆ మాటను సాకుగా చేసుకుని స్కూలుకు ఏమీ ఇవ్వనక్కర లేదనడం ఆయనకు గిట్టదు.

నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో తగ్గించే విధానం ఉంది. నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించిన ఈ పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. పటిక, సున్నం కిరాణా కొట్లో దొరుకుతాయి. కాని ఎంత వేయాలన్నది నీటిని పరీక్షిస్తేనే తేలుతుంది. అందాజున వేయరాదు. ఎందుకన్నది చెప్పడానికి ఉప్పు చాలు. ఎంతన్నది చెప్పడానికి పరీక్ష సామాను కావాలి. దానికి డబ్బు కావాలి.

1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద ప్రాథమిక పాఠశాలలకు సైన్సు కిట్లు ఇచ్చారు. మాస్టారు ఉద్యోగంలో చేరిన స్కూల్లో ఆ పెట్టెకు ఎప్పుడూ తాళమే. పగిలితే జీతంలో కోస్తారన్న భయం. పగలని పరికరం వాడని పరికరమేనని, పగిలినదాన్ని మళ్ళీ కొనే సొమ్ము కూడా లెక్కలో ఉండాలని ఆయన వాదన.

నెలకు ఏడు వందల యాభై

2018లో సమగ్ర శిక్ష వచ్చాక పాత చిన్న గ్రాంట్లు కలిపి కాంపోజిట్ గ్రాంటు చేశారు. ముప్ఫై మంది లోపు పిల్లలున్న స్కూలుకు నిబంధన ప్రకారం ఏడాదికి 10,000 రూపాయలు. అందులో పదో వంతు పారిశుధ్యానికి తీయాలి. మిగిలిన 9,000 పన్నెండు నెలలకు పంచితే నెలకు 750. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్న మరమ్మతులు అందులోనే. పోగా మిగిలితే సైన్సుకు.

డబ్బు కంటే పెద్ద లోటు మనిషి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు ఉండాలి. ఈ స్కూల్లో ఉన్నది ఒక్కరే. అయిదో తరగతి పొయ్యి దగ్గర ఉన్నంతసేపూ మిగతా నాలుగు తరగతులు ఎక్కాలు వల్లె వేస్తూ కూర్చున్నాయి. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు ఇవ్వాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 1968, 1986, 2020 విద్యా విధానాలు అదే మాట తిరిగి రాశాయి. ఆ అంకె ఇంకా అందలేదు.

ఊరు అడగాలి

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి పోయింది అని చూసే అధికారం చట్టమే వారికిచ్చింది. సంతకాలకు పిలిచినప్పుడు రావడమే కాకుండా, లెక్క అడగడానికి కూడా రావాలంటారు మాస్టారు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలన్నది నియమం. ఆ కిట్టు నెలకొకసారి స్కూలు గుమ్మం తొక్కితే, పిల్లల ముందే బోరు నీటి పరీక్ష జరిగితే, అంతకు మించిన సైన్సు పాఠం లేదని ఆయన అభిప్రాయం.

ఆ రోజు గంట కొట్టే వేళకు ఆ పిల్ల వేసిన మరో ప్రశ్నకు మాస్టారి దగ్గర జవాబు లేదు. దాన్ని నల్లబల్ల పైమూల రాయించారు, తేలేదాకా చెరపవద్దన్నారు: 'మన బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎంత?'