వార్తల్లో పదం: పీపీపీ

యానాంలోని ఫరంపేటలో ఎవరికైనా జబ్బు ముదిరితే కాకినాడ పెద్దాసుపత్రికి పరుగులు తీయాలి. గౌతమి వారధి దాటాక వచ్చే అమలాపురంలో వైద్య కళాశాల పూర్తయితే ఆ తిప్పలు కొంత తగ్గుతాయి. దాని చుట్టూ నలుగుతున్న పదమే పీపీపీ, అంటే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం.

స్థలం సర్కారుది; పెట్టుబడి, నిర్వహణ ప్రైవేటు సంస్థవి. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం అమలాపురంతో సహా 10 కొత్త వైద్య కళాశాలలకు ఈ పద్ధతిని ఆమోదించింది. పనులు త్వరగా పూర్తవుతాయని ప్రభుత్వం అంటోంది. ఇది ప్రైవేటీకరణేనని వైఎస్సార్‌సీపీ మండిపడుతోంది.

తెలుగువారికి ఈ బాట కొత్తది కాదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సులు ఇలాగే పల్లెపల్లెకూ చేరి ఎన్నో ప్రాణాలు నిలిపాయి.

లెసోతో కథ వేరు. ఆ చిన్న ఆఫ్రికా దేశ రాజధాని మసేరులో 2011లో క్వీన్ మమొహాటో ఆసుపత్రి ఇదే పద్ధతిలో తెరుచుకుంది. పాత ఆసుపత్రితో పోలిస్తే వైద్యం మెరుగుపడింది, మరణాలు తగ్గాయి. అయితే ప్రైవేటు కూటమికి ఏటా కట్టాల్సిన ఫీజు ఆరోగ్య బడ్జెట్‌ను మింగేయసాగింది. 2021లో ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది.

కాబట్టి అమలాపురం కళాశాల ఒప్పంద పత్రాన్ని అక్షరం అక్షరం చదవాలి. ఉచిత పడకలెన్ని? తనిఖీ ఎవరిది? షరతు తప్పితే జరిమానా ఎంత? పుదుచ్చేరి రేషన్‌కార్డున్న యానాం రోగికి అక్కడ ఏ లెక్కన వైద్యం అందుతుంది?