11 ఏళ్లు ఆగి వచ్చిన గేమ్.. 'కాలేజ్ ఫుట్‌బాల్ 25'లో ప్లస్‌లేంటి? మైనస్‌లేంటి?

మీ జెర్సీ నంబర్, మీ ఎత్తు, మీరు ఏ చేత్తో ఆడతారు.. ఇవన్నీ వాడేసుకుని ఓ కంపెనీ వీడియో గేమ్ అమ్ముకుంటే? అందులో మీకు పైసా కూడా రాకపోతే? అమెరికాలో సరిగ్గా ఈ ప్రశ్నే ఓ సూపర్ హిట్ గేమ్‌ను 11 ఏళ్ల పాటు ఆపేసింది. 2013 జూలైలో వచ్చిన 'ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14' తర్వాత ఆ సిరీస్ మాయమైపోయింది. చివరికి 2024 జూలై 19న 'ఈఏ స్పోర్ట్స్ కాలేజ్ ఫుట్‌బాల్ 25' పేరుతో తిరిగొచ్చింది. ఇంతకీ అది ఎందుకు ఆగింది? ఇన్నేళ్ల ఎదురుచూపులకు తగ్గట్టు ఉందా? చూద్దాం.

ముందు ఆట సంగతి

మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. అమెరికాలో మాత్రం బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్లాలి, లేదంటే బంతి అవతలి జట్టుకు పోతుంది. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు. అంటే పిచ్‌లో సగం కూడా లేని దూరం కోసం అంత కొట్లాట అన్నమాట.

అక్కడ ప్రొఫెషనల్ లీగ్‌కు ఎంత క్రేజ్ ఉందో, యూనివర్సిటీ జట్లకూ అంతే క్రేజ్. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి చెందిన కైల్ ఫీల్డ్ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. ఒక కాలేజీ మ్యాచ్‌కి!

అసలు ఎందుకు ఆగింది?

ఈ మ్యాచ్‌ల మీద వచ్చే ఆదాయం కోట్ల డాలర్లలో ఉంటుంది. కానీ కాలేజీ ఆటగాళ్లు అమెచ్యూర్లు కాబట్టి వాళ్లకు స్కాలర్‌షిప్ తప్ప డబ్బు ఇవ్వకూడదన్నది కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అప్పటి రూల్. అందుకే పాత గేముల్లో ఆటగాళ్ల పేర్లు ఉండేవి కావు. నంబర్, ఎత్తు, ఆటతీరు మాత్రం అచ్చం వాళ్లవే. పేర్లను అభిమానులే చేర్చి, ఆ ఫైళ్లు ఒకరికొకరు పంచుకునేవారు.

ఎడ్ ఓ బ్యానన్ అనే మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఓ స్నేహితుడి ఇంట్లో వీడియో గేమ్ చూశాడు. అందులో తనలాగే ఎడమచేతి వాటం, తన 31 నంబర్ జెర్సీతో ఓ బొమ్మ ఆడుతోంది. దాంతో 2009లో కోర్టుకెక్కాడు. అదే ఏడాది శామ్ కెల్లర్ అనే మాజీ ఫుట్‌బాల్ ఆటగాడూ కేసు వేశాడు. ఈ కేసుల్లో ఈఏ, కాలేజీల లైసెన్సింగ్ సంస్థ కలిసి 4 కోట్ల డాలర్లకు సెటిల్‌మెంట్ చేసుకున్నాయి. కాలేజీ ఫుట్‌బాల్ గేమ్‌కు బ్రేక్ పడింది.

2021 జూలైలో ఎన్‌సీఏఏ రూల్ మార్చింది. ఆటగాళ్లు తమ పేరు, రూపంతో సంపాదించుకోవచ్చని ఒప్పుకుంది. అప్పుడే గేమ్‌కు దారి క్లియర్ అయింది.

ప్లస్‌లు ఇవే

మొదటి ప్లస్ నిజమైన పేర్లే. ఆటగాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్లనే గేమ్‌లో పెట్టారు. 10 వేల మందికి పైగా ఓకే చెప్పారు. టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ మొదట నో అన్నాడు, రిలీజ్‌కు కొద్దిరోజుల ముందు మనసు మార్చుకున్నాడు. కాదనే హక్కు ఆటగాడి చేతిలో ఉండటం పాత గేముల్లో లేని విషయం.

రెండోది వాతావరణం. అప్పట్లో టాప్ డివిజన్‌లో ఉన్న 134 జట్లూ ఇందులో ఉన్నాయి. ప్రత్యర్థి గ్రౌండ్‌లో ఆడితే ప్రేక్షకుల అరుపులకు స్క్రీన్ ఊగిపోతుంది, మీ ఆటగాడు ఎటు పరిగెత్తాలో చూపించే గీతలు వంకర్లు తిరుగుతాయి. హోమ్ గ్రౌండ్ అడ్వాంటేజ్ అంటే ఏంటో చేతికి తెలిసొస్తుంది.

మూడోది డైనాస్టీ మోడ్. ఇక్కడ మీరే కోచ్. స్కూల్ పిల్లల్లోంచి ప్రతిభావంతులను ఎంపిక చేసుకోవాలి. ఛాన్సులు ఇవ్వకపోతే వాళ్లు వేరే యూనివర్సిటీకి వెళ్లిపోతారు కూడా. చిన్న కాలేజీని తీసుకుని ఏళ్ల తరబడి పెంచుకుంటూ పోవడమే ఇందులో అసలు కిక్. ఫలితం.. డాలర్ల లెక్కన అమెరికా చరిత్రలోనే ఎక్కువ అమ్మకాలు సాధించిన స్పోర్ట్స్ గేమ్‌గా నిలిచింది.

మరి మైనస్‌లు?

ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ ఉంటేనే ఆడగలరు. పీసీలో లేదు, ఫోన్‌లో లేదు, పాత కన్సోల్స్‌లో లేదు. విడుదలైనప్పుడు అమెరికాలో ధర 69.99 డాలర్లు, అంటే అప్పటి లెక్కన దాదాపు 5,800 రూపాయలు. ఇది చాలదన్నట్టు అల్టిమేట్ టీమ్ మోడ్‌లో కార్డుల ప్యాక్‌ల కోసం మళ్లీ డబ్బు పెట్టించే ఏర్పాటు ఉంది.

ఆటగాళ్లు నిజమే కానీ కోచ్‌లు కల్పిత పాత్రలు. కాలేజీ ఫుట్‌బాల్‌లో కోచ్‌లే పెద్ద స్టార్లు, కాబట్టి ఇది బాగా కనిపించే లోటు. ఒకే ఆటగాడి కెరీర్ నడిపే 'రోడ్ టు గ్లోరీ' మోడ్‌లో పాత గేముల్లో ఉన్న హైస్కూల్ దశను తీసేశారు. నిజమైన ఆటగాళ్ల పేర్లు మార్చడానికీ వీల్లేదు. అభిమానులకు ఇది ఇబ్బందే. అయితే ఆటగాళ్ల హక్కుల కోసం పెట్టిన రూల్ కాబట్టి తప్పు పట్టడం కష్టం.

అసలైన మైనస్ మాత్రం పేమెంట్. ఒక్కో ఆటగాడికి ఇచ్చింది 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ. అంటే సుమారు 50 వేల రూపాయలు. కవర్ మీద ఉన్నవాళ్లలాంటి కొందరికి అదనపు ఒప్పందాలు ఉన్నా, మిగతా అందరికీ, స్టార్ అయినా బెంచ్ మీద కూర్చునేవాడైనా, అదే రేటు. గేమ్ ఎన్ని కాపీలు అమ్ముడైనా రాయల్టీ లేదు. సున్నాతో పోలిస్తే 600 ఎక్కువే. కానీ అమ్మకాల రికార్డు పక్కన పెట్టి చూస్తే మాత్రం చిన్న మొత్తమే.

తర్వాత ఏం మారింది?

2025 జూలై 10న 'కాలేజ్ ఫుట్‌బాల్ 26' వచ్చింది. 300 మందికి పైగా నిజమైన కోచ్‌లు చేరారు, హైస్కూల్ దశ తిరిగొచ్చింది. అందులోనూ పీసీ వెర్షన్ మాత్రం రాలేదు.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు ఉన్న యూనివర్సిటీలు కొన్ని ఇందులో కనిపిస్తాయి. ఉదాహరణకు యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ జట్టు ఉంది. అయితే కింది డివిజన్‌లో ఆడే సెంట్రల్ మిస్సోరీ లాంటివి లేవు, కాబట్టి కొనేముందు లిస్ట్ చూసుకోవడం బెటర్.

ఆట పరంగా చూస్తే, ఈ స్పోర్ట్ నచ్చేవాళ్లకు 11 ఏళ్ల గ్యాప్‌ను మరిపించే గేమే. కానీ ఓ బ్యానన్ లేవనెత్తిన ప్రశ్నకు సగం జవాబే దొరికింది. పేరు వాడుకోవాలంటే ముందు అడగాలని తేలింది. ఆ పేరుకు సరైన ధర ఎంత అన్నది ఇంకా తేలాల్సి ఉంది.