ఫోన్ ఒకటే.. డిస్‌ప్లేలు రెండు!

పోకో ఎఫ్1 గుర్తుందా? 2018 ఆగస్టులో 20,999 రూపాయలకు మన మార్కెట్‌లోకి దిగింది. ఆ రేటుకి స్నాప్‌డ్రాగన్ 845 చిప్పా అని కుర్రాళ్లు ఎగబడి కొన్నారు. ఆండ్రాయిడ్ 10 తర్వాత కంపెనీ పెద్ద అప్‌డేట్లు ఆపేసింది. చిప్‌లో సత్తా మాత్రం ఇంకా ఉంది. ఫోనేమో ఏ సొరుగులోనో పాత ఛార్జర్ల మధ్య పడి ఉంటుంది.

ఇలాంటి ఫోన్లకి మళ్లీ పని కల్పిద్దామని 2017లో మొదలైందే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్. ఇది ఆండ్రాయిడ్ కాదు. ఆండ్రాయిడ్‌ని అటూ ఇటూ మార్చి చేసే కస్టమ్ రామ్ కూడా కాదు. ఆల్పైన్ లినక్స్ మీద కట్టిన అసలు సిసలు లినక్స్. ఫోన్‌కి పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలన్నది దీని పంతం. కోడ్ రాసేవాళ్లలో ఎక్కువమంది ఖాళీ టైమ్‌లో పనిచేసే వాలంటీర్లే. మరి వాళ్ల బల్లల మీద ప్రపంచంలోని ఫోన్లన్నీ ఉండవుగా! అక్కడే మామూలు యూజర్లతో పని పడుతుంది. కోడ్ ఒక్క ముక్క రాకపోయినా, చేతిలో ఆ ఫోన్ ఉంటే చాలు.

అసలు ఇంత తంటా ఎందుకు? కంప్యూటర్‌కి లినక్స్ ఇట్టే ఎక్కుతుంది కదా? ఎక్కుతుంది, ఎందుకంటే కంప్యూటర్‌లో పార్టులు తమ పేరు తామే చెప్పుకుంటాయి. యూఎస్‌బీ మౌస్ పెట్టగానే 'నేను ఫలానా కంపెనీ, ఫలానా మోడల్' అని నంబర్ ఇస్తుంది. ఫోన్‌లోని పార్టుల్లో చాలావాటికి ఆ అలవాటు లేదు. టచ్ చిప్ ఏ తీగకి ఉంది, కెమెరాకి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, డిస్‌ప్లే ఏ రకం.. ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని ఒక ఫైల్‌లో రాసి పెట్టాలి. దాన్నే డివైస్ ట్రీ అంటారు. ఊరికి కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్‌కి ఇంటింటి అడ్రస్ రాసిచ్చినట్టు. అందులో ఒక్కటి తప్పినా ఆ పార్టు పలకదు.

పోకో ఎఫ్1 కథ ఇక్కడే రసవత్తరం. బయటికి అన్నీ ఒకే ఫోన్. లోపల మాత్రం కొన్నింటికి టియాన్‌మా డిస్‌ప్లే, కొన్నింటికి ఈబీబీజీ డిస్‌ప్లే వేశారు. ఆండ్రాయిడ్‌లో వాడినన్నాళ్లూ ఈ తేడా మనకి తెలియాల్సిన అవసరమే రాలేదు. లినక్స్‌కి మాత్రం రెండూ వేర్వేరు. అందుకే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌లో ఒకే పోకో ఎఫ్1కి రెండు ఫైల్స్ కనిపిస్తాయి. డెవలపర్ దగ్గర టియాన్‌మా ఉంటే ఈబీబీజీ సంగతి ఆయనకి ఎలా తెలుస్తుంది? అది ఉన్నవాళ్లు ఎవరో వేసి చూసి చెప్పాలి.

ప్రతి ఫోన్‌కీ ఒక పట్టిక ఉంటుంది. టచ్, వైఫై, సౌండ్, కాల్స్, కెమెరా, జీపీఎస్.. ఒక్కోదాని ఎదురుగా పనిచేస్తోందా, సగమేనా, అస్సలు లేదా అని రాసి ఉంటుంది. వందల ఫోన్లు ఇంకా 'టెస్టింగ్' వరుసలోనే ఉన్నాయి. కొన్నయితే బూట్ అయి తెర వెలిగిందంటే అదే పండగ. వాటితో పోలిస్తే పోకో ఎఫ్1, వన్‌ప్లస్ 6 చాలా ముందున్నాయి. 2015లో 6,999 రూపాయలకు వచ్చిన రెడ్‌మీ 2 కూడా ఈ గుంపులో ఉందంటే నమ్మండి.

'బాగాలేదు బ్రో' అని మెసేజ్ పెడితే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ వెర్షన్, ఏ డిస్‌ప్లే, ఏ సిమ్, సరిగ్గా ఏం చేస్తుంటే ఆగింది, ఆ సమయంలో కెర్నెల్ లాగ్‌లో ఏం పడింది.. ఇవి కావాలి. పైగా ఒకసారి టెస్ట్ చేస్తే అయిపోదు. కొత్త కెర్నెల్ రాగానే నిన్నటిదాకా మోగిన స్పీకర్ ఇవాళ మూగబోవచ్చు. ఏడాదికి రెండుసార్లు, సుమారు జూన్‌లో, డిసెంబర్‌లో కొత్త వెర్షన్ వస్తుంది. అది రాకముందే పాత పట్టికంతా మళ్లీ మొదటి నుంచి చూడాలి. బోర్ పనే, ఒప్పుకోవాలి. ఈ పని చేసేవాళ్ల పేర్లు యాప్ ఐకాన్ల మీద కనిపించవు కూడా.

మన దేశంలో ఉన్న టెస్టర్‌కి ఇంకో ప్రత్యేకమైన పని ఉంది. జియోలో 2జీ, 3జీ లేవు. మాట్లాడాలంటే వోల్టే ఉండాల్సిందే. ఈ లినక్స్ ఫోన్లలో చాలావాటికి వోల్టే ఇంకా ఓ కొలిక్కి రాలేదు. 2జీ ఉన్న దేశంలో టెస్టర్ 'కాల్స్ ఓకే' అని టిక్ పెట్టేస్తాడు, ఎందుకంటే అతని కాల్ పాత నెట్‌వర్క్ మీదికి జారుకుని వెళ్లిపోతుంది. అదే ఫోన్‌లో జియో సిమ్ వేస్తే నెట్ వచ్చినా కాల్ వెళ్లకపోవచ్చు. ఎయిర్‌టెల్ 2జీ ఇంకా నడుస్తోంది కాబట్టి రెండు సిమ్‌లూ వేసి చూసినవాళ్లు ఇచ్చే రిపోర్ట్‌కి చాలా విలువ. గచ్చిబౌలిలోనో గుంటూరులోనో కూర్చున్న కుర్రాడు చెప్పగలిగిన సంగతి అది. బెర్లిన్‌లో ఉన్నవాడికి ఎలా దొరుకుతుంది?

అన్నిటికంటే సున్నితమైన పరీక్ష 112. అత్యవసర కాల్ వెళ్తుందో లేదో చూద్దామని సరదాకి డయల్ చేయకూడదు, అవతల నిజంగా ఆపదలో ఉన్నవాళ్ల లైన్ అది. అలాగని టెస్ట్ చేయని ఫోన్‌ని నమ్మి జేబులో పెట్టుకోలేం. అందుకే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్ మీద, అందులోనూ అమ్మ ఫోన్ మీద, ఈ ప్రయోగం వద్దు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే లోపలున్న ఫొటోలన్నీ పోతాయి, ముందే కాపీ చేసుకోవాలి. ఫోన్‌పే, గూగుల్ పే నడుస్తాయన్న ఆశ కూడా వదిలేయండి.

ఇన్ని విన్నాక కూడా చెయ్యి దురదగా ఉంటే మీ మోడల్ కోడ్‌నేమ్ కనుక్కోండి. పోకో ఎఫ్1ది బెరీలియం. వన్‌ప్లస్ 6ది ఎంచిలాడా, మెక్సికోలో తినే వంటకం పేరది. ఆ పేరుతో వెతికితే పట్టిక దొరుకుతుంది, ఏ గడి ఇంకా ఖాళీగా ఉందో కనిపిస్తుంది. పోకో వాళ్లు మాత్రం ముందు తమది టియాన్‌మానో ఈబీబీజీనో తేల్చుకోవాలి.