బెల్టు బిగిస్తే సైకిలు పరుగు
* నాలుగు పుల్లీలు, రెండు బెల్టులు, ఒక చిన్న ఇంజిను
* లెక్క కుదిరితే ఉపయోగం.. బ్రేకు మరిస్తే ముప్పు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: తెల్లవారకముందే పాల క్యాను కట్టుకుని కేంద్రానికి వెళ్లే రైతుకు, బెంగళూరు రైలు అందుకోవడానికి కుప్పం స్టేషనుకు చేరే కూలీకి, మదనపల్లె టమోటా మార్కెట్టుకు పనికి వచ్చే హమాలీకి సైకిలే చౌకైన వాహనం. అయితే ఈ పడమటి మండలాల రోడ్లు చదునుగా ఉండవు. ఒక మిట్ట దిగేసరికి మరో మిట్ట ఎదురవుతుంది. అందుకే పాత సైకిలుకు చిన్న ఇంజినో, మోటారో బిగించుకోవాలన్న ఆలోచన యువకుల్లో, మెకానిక్కుల్లో తరచూ కలుగుతుంటుంది. ఇందుకు గేర్లు, ప్రత్యేక విడిభాగాలు అక్కర్లేని మార్గం బెల్టు, పుల్లీల పద్ధతి. అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బతీస్తుంది అన్నది తెలుసుకుని దిగితేనే మేలు.

తిరుపతిలోనే తయారైన నమూనా

బెల్టుతో యంత్రాన్ని తిప్పడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. చెరకు గానుగ, పిండి మర, వేరుశనగ కాయలు ఒలిచే మిషను అన్నీ బెల్టుపై తిరిగేవే. ద్విచక్ర వాహనంలోనూ ఇందుకు ఉదాహరణ ఇంటి పక్కనే ఉంది. తిరుపతిలోని మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ సంస్థ ఫ్రాన్సుకు చెందిన మోటోబెకాన్ సహకారంతో సువేగ మోపెడ్లను తయారుచేసేది. 1949లో ఫ్రాన్సులో మొదలైన మోబిలెట్ దీనికి మాతృక. ఆ బండిలో ఇంజిను నుంచి పెడళ్ల వద్దనున్న పెద్ద పుల్లీకి బెల్టు, అక్కడి నుంచి వెనుక చక్రానికి చైను ఉండేవి. ఇంజిను ఆగినా పెడళ్లు తొక్కుకుంటూ ఇల్లు చేరవచ్చు. సువేగ తయారీ ఆగిపోయినా, సైకిలుకు ఇంజిను బిగించాలనుకునేవారికి నేటికీ అదే తొలి పాఠం.

తొలినాటి మోటారు సైకిళ్లకు తోలు బెల్టులే ఉండేవి. వానలో తడిస్తే అవి జారిపోయేవి. దాంతో చైన్లు వచ్చాయి. 1917లో అమెరికాకు చెందిన జాన్ గేట్స్ రబ్బరుతో వి ఆకారపు బెల్టు రూపొందించిన తర్వాత పరిస్థితి మారింది. ఇప్పుడు రోడ్లపై తిరిగే పెట్రోలు గేర్‌లెస్ స్కూటర్లలో ఇంజిను శక్తిని వెనక్కు చేరవేసేది వి బెల్టే.

పట్టు ఎక్కడుంది?

వి బెల్టు అంచులు సుమారు 40 డిగ్రీల కోణంలో ఉంటాయి. లాగేకొద్దీ అది పుల్లీ గాడిలోకి దిగి రెండు పక్కలా బిగుసుకుంటుంది. పట్టు పక్కల్లోనే ఉంటుంది తప్ప అడుగున కాదు. బెల్టు అరిగి గాడి అడుగును తాకిందంటే జారడం మొదలైనట్టే. సైకిలుకు ఏ-సెక్షన్ బెల్టు సరిపోతుంది. దాని పైభాగం వెడల్పు 13 మిల్లీమీటర్లు, మందం 8 మిల్లీమీటర్లు. ఈ బెల్టుకు 3 అంగుళాల కన్నా చిన్న పుల్లీ పెట్టకూడదు. చిన్న పుల్లీపై బెల్టు అతిగా వంగి, వేడెక్కి, త్వరగా పగుళ్లిస్తుంది.

వేగం లెక్క ఇదీ

28 అంగుళాల సైకిలు చక్రం ఒకసారి తిరిగితే సుమారు 2.2 మీటర్లు సాగుతుంది. ఇంజిను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుందనుకుంటే దాన్ని నేరుగా చక్రానికి కలపడం కుదరదు. చక్రం నిమిషానికి 170 చుట్లకు మించకుండా వేగాన్ని దాదాపు 18 వంతులు తగ్గించాలి. ఇదే పనిని ఒకే బెల్టుతో చేయాలంటే, 3 అంగుళాల పుల్లీకి జోడీగా 54 అంగుళాల పుల్లీ కావాలి. అది చక్రం కన్నా దాదాపు రెట్టింపు పెద్దది. అందుకే రెండు అంచెలు తప్పవు.

మొదటి అంచెలో ఇంజినుపై 3 అంగుళాలు, మధ్య ఇరుసుపై 9 అంగుళాల పుల్లీ అమర్చితే వేగం మూడో వంతుకు తగ్గుతుంది. అదే ఇరుసు రెండో కొనపై మరో 3 అంగుళాల పుల్లీ, వెనుక చక్రానికి 18 అంగుళాల పుల్లీ పెడితే అక్కడ ఆరో వంతుకు తగ్గుతుంది. మొత్తం 18 వంతులు. చక్రం నిమిషానికి సుమారు 167 చుట్లు తిరిగి, సైకిలు గంటకు 22 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మధ్య ఇరుసుకు, చక్రానికి మధ్య దూరం 20 అంగుళాలైతే రెండో బెల్టు సుమారు 76 అంగుళాల పొడవుండాలి.

చక్రానికి పుల్లీగా చిన్న సైకిలు రిమ్మును వాడవచ్చు. దానికి వి గాడి లేకున్నా బెల్టు సగం చుట్టుకు మించి ఆనుకుని ఉండటంతో పట్టు సరిపోతుంది. అయితే రిమ్ముపై రాసిన అంకె టైరుది. బెల్టు ఆనే చోట టేపుతో కొలుచుకున్నాకే లెక్క వేయాలి. ఈ రిమ్మును నాలుగైదు స్పోకులకు కట్టి వదిలేస్తే అవి తెగిపోతాయి. వెనుక చక్రానికి ఉండే 40 స్పోకులకూ భారం పంచేలా చుట్టూ క్లిప్పులు బిగించాలి.

క్లచ్ పనికి కదిలే పుల్లీ

ఇంజిను తిరుగుతుండగానే సైకిలు ఆగాలంటే బెల్టు వదులవ్వాలి. ఇందుకు స్ప్రింగు ఉన్న చిన్న పుల్లీని ఒక మీటకు అమర్చి, బెల్టు వదులుగా ఉండే వైపు నుంచి నొక్కేలా చేస్తారు. మీట వదిలితే బెల్టు జారుతుంది, నొక్కితే బిగుస్తుంది. ముందు పెడళ్లు తొక్కి కొంత వేగం అందుకున్నాక మీట నొక్కడం మంచిది. నిలిచి ఉన్న సైకిలును బెల్టుతోనే లాగించాలని చూస్తే అది కాలుతుంది.

రెండు పుల్లీలు ఒకే గీతలో ఉన్నాయో లేదో నూలుదారం పట్టి చూడాలి. దారం రెండింటి అంచులనూ సమంగా తాకాలి. పక్కకు ఒరిగితే బెల్టు ఒక వైపే అరిగి, చివరికి గాడి దాటి బయటకు వస్తుంది. బిగువు చూడటానికి బెల్టు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కాలి. 20 అంగుళాల దూరానికి 8 మిల్లీమీటర్ల మేర దిగితే సరిపోతుంది. అతిగా బిగిస్తే బేరింగులు పోతాయి.

మిట్ట ఎక్కగలదా?

మనిషి, సైకిలు, ఇంజిను, పాల క్యాను కలిపి 120 కిలోలనుకుందాం. 20 అడుగులకు ఒక అడుగు లేచే మిట్టపై గంటకు 10 కిలోమీటర్లతో ఎక్కడానికి సుమారు 200 వాట్ల శక్తి కావాలి. అదే మిట్టను 25 కిలోమీటర్లతో ఎక్కాలంటే 600 వాట్లు, అంటే ముప్పావు గుర్రపు శక్తికి పైనే. రెండు అంచెల బెల్టులో శక్తి కొంత వృథా అవుతుంది. బిగువు సరిగా ఉన్నా పది శాతం వరకు పోతుంది. 250 వాట్ల విద్యుత్ మోటారు పెట్టుకున్నవారు ఎత్తుల్లో పెడళ్లు తొక్కి సాయం చేయక తప్పదు. లేకుంటే చుట్లు పడిపోయి మోటారు వేడెక్కుతుంది. పెట్రోలు ఇంజినైతే ఆగిపోతుంది.

దిగేటప్పుడే అసలు పరీక్ష

ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదకరం. వేగం 12 నుంచి 24 కిలోమీటర్లకు పెరిగితే బ్రేకు అణచాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. తొక్కుడు వేగానికి తయారైన కడ్డీ బ్రేకులు, అరిగిన రబ్బరు ముక్కలు దీనికి చాలవు. కాబట్టి పని ఇంజినుతో కాక బ్రేకులతో మొదలుపెట్టాలి.
* రెండు చక్రాలకూ మంచి బ్రేకులు, కొత్త కేబుళ్లు ఉండాలి. వెనుక రిమ్ముపై నూనె పడకూడదు.
* బెల్టులకు, పుల్లీలకు రేకు మూత తప్పనిసరి. పంచె అంచు, చీర కొంగు, చున్నీ చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు.
* పెట్రోలు డబ్బా సైలెన్సరుకు పైన ఉండకూడదు.
* వెల్డింగ్ చేసిన అతుకులు అదురుకు పగులుతాయి. వాటిని తరచూ చూసుకోవాలి.
* హ్యాండిల్‌పై చేతికందేలా ఇంజిను ఆపే స్విచ్ ఉండాలి.

చట్టం ఏమంటోంది?

1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 2(28) ప్రకారం నాలుగు చక్రాల కన్నా తక్కువ ఉండి, ఇంజిను సామర్థ్యం 25 సీసీ దాటని బండి మోటారు వాహనం కిందకు రాదు. మందు కొట్టే స్ప్రేయర్లు, పంపుసెట్ల ఇంజిన్లు చాలావరకు అంతకు మించినవే. ఒక్క సీసీ దాటినా రిజిస్ట్రేషన్, బీమా, లైసెన్సు కావాలి. పరీక్షల్లో ఆమోదం పొందని ఇంటి తయారీ బండికి రిజిస్ట్రేషన్ దొరకడం దాదాపు అసాధ్యం. విద్యుత్ సైకిలుకు మోటారు శక్తి 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉండి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే మినహాయింపు వర్తిస్తుంది.

బీమా లేని బండి ఎవరినైనా ఢీకొంటే పరిహారం మొత్తం యజమాని నెత్తిన పడుతుంది. 2019 సవరణ ప్రకారం మైనర్లు మోటారు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకులకు, వాహన యజమానికి రూ.25 వేల జరిమానాతోపాటు మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పాఠశాల ప్రాజెక్టు పేరుతో ఇటువంటి సైకిలు తయారుచేసే పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పొలం గట్టున, కళాశాల ఆవరణలో యంత్ర సూత్రాలు నేర్చుకోవడానికి పెట్రోలు ఇంజినుతో ప్రయోగం చేయవచ్చు. నిత్యం రోడ్డెక్కి పాలు, కూరగాయలు చేరవేయాలనుకునే వారికి మాత్రం పరీక్షల్లో నెగ్గిన 250 వాట్లలోపు విద్యుత్ సైకిలే క్షేమం. ఏ దారి ఎంచుకున్నా మొదటి ఖర్చు బ్రేకులకు, హెల్మెట్‌కు పెట్టడమే తెలివైన పని.