పట్టుపురుగుల గదుల్లో కంట్రోలర్లకు కరెంటు, సమాచార తీగలు కలిపే పద్ధతి



కోలారు, చిక్కబళ్ళాపురం, కృష్ణగిరి జిల్లాల తెలుగు పల్లెల్లో బైవోల్టిన్ పంట తీస్తూ, పెంపకపు గదుల్లో వేడిని, తేమను అదుపు చేసే కంట్రోలర్లు అమర్చుకోదలచిన రైతుల కోసం ఈ కరపత్రం. చాకీ గది, పెద్ద పురుగుల షెడ్డు, ఆకు నిల్వ గది - ఒక్కో చోట ఒక్కో కంట్రోలరు పెట్టి, అన్నింటినీ ఒకే సమాచార తీగతో ప్రధాన కంట్రోలరుకు కలిపితే అన్ని గదుల పరిస్థితి ఒకే చోట తెలుస్తుంది.

పురుగులకు మొదటి రెండు దశల్లో 27-28 డిగ్రీల సెల్సియస్ వేడి, 85-90 శాతం తేమ కావాలి. ఐదవ దశలో 24 డిగ్రీలు, 70 శాతం చాలు. పంట మొత్తానికి పట్టే ఆకులో 80 శాతం పైగా ఐదవ దశలోనే ఖర్చవుతుంది. ఆ దశలో ఒక రాత్రి తీగ వదులై హీటరు ఆగకుండా నడిస్తే ఆకు, కూలి, గుడ్ల ఖర్చు అంతా నష్టమే. కనుక మంచి కంట్రోలరు కొంటే చాలదు, తీగలు సరిగా కలపాలి.

కరెంటు తీగలు

ఇటువంటి కంట్రోలర్లలో కొన్ని 24 వోల్టులతో పనిచేస్తాయి. ఇంటి కరెంటు 230 వోల్టులు. అటువంటి కంట్రోలరును పొరపాటున నేరుగా కలిపితే కాలిపోతుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. ఏసీ కావాలో, డీసీ కావాలో పెట్టెపై చూసి కొనాలి.

ట్రాన్స్‌ఫార్మరు పరిమాణం లెక్క కట్టే విధం: కంట్రోలరుకు 10 వి.ఎ., మూడు రిలేలకు 4 చొప్పున 12 వి.ఎ. అనుకుందాం. మొత్తం 22. దానికి నాలుగో వంతు కలిపితే సుమారు 28. అంటే 40 వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు సరిపోతుంది.

ఒకే ట్రాన్స్‌ఫార్మరు నుంచి రెండు కంట్రోలర్లకు ఇస్తే, మొదటిదానికి ఏ తీగ ఏ బిగింపుకు వచ్చిందో రెండవదానికీ అలాగే రావాలి. తారుమారైతే షార్టయ్యే ప్రమాదం ఉంది.

2,000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానిని కంట్రోలరు రిలేకు నేరుగా కలపరాదు. రిలే కాంటాక్టరును నడపాలి, కాంటాక్టరు హీటరును నడపాలి. హీటరుకు, తేమ యంత్రానికి వేర్వేరు ఎం.సి.బి.లు పెట్టించండి.

నేల తడిగా ఉండే గది కనుక ప్రాణ రక్షణకు మంచి ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పక ఉండాలి. 230 వోల్టుల పని లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే చేయించండి.

సమాచార తీగలు

కంట్రోలర్ల మధ్య సాధారణంగా ఆర్.ఎస్.-485 పద్ధతి వాడతారు. ఇందుకు మెలివేసిన జంట తీగ, పైన లోహపు కవచం ఉన్నది కొనాలి. తక్కువ వేగంలో ఇది 1,200 మీటర్ల వరకు పనిచేస్తుంది.

1. తీగ మొదటి కంట్రోలరు నుంచి రెండవదానికి, అక్కడి నుంచి మూడవదానికి గొలుసులాగా పోవాలి. చెట్టు కొమ్మల్లాగా చీలికలు తీయరాదు.

2. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలపాలి. ఒక్కచోట తిరగబడినా మాట అందదు.

3. గొలుసు రెండు చివర్లలో మాత్రమే 120 ఓముల నిరోధకం పెట్టాలి. మధ్యలో పెట్టరాదు.

4. కవచాన్ని ప్రతిచోటా ఒకదానితో ఒకటి కలిపి, ఒక్క చోట మాత్రమే ఎర్తు చేయాలి.

5. 230 వోల్టుల తీగతో ఒకే పైపులో వేయరాదు. కనీసం ఒక అడుగు ఎడం ఉంచండి. దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి.

6. ప్రతి కంట్రోలరుకు వేరు నంబరు, అన్నింటికీ ఒకే వేగం ఉండాలి.

షెడ్ల మధ్య తీగను పైపులో పెట్టి భూమిలో వేయండి. పిడుగుల నుంచి కాపాడే సర్జి పరికరాన్ని రెండు వైపులా అమర్చండి.

సరిచూసుకునే విధం

కరెంటు పూర్తిగా ఆపి, సమాచార తీగ ప్లస్, మైనస్‌ల మధ్య మల్టీమీటరుతో కొలవండి. సుమారు 60 ఓములు వస్తే సరిగా ఉన్నట్లే. 120 వస్తే ఒక చివర నిరోధకం లేదు, లేదా తీగ తెగింది. 40 వస్తే మూడవ నిరోధకం ఎక్కడో ఉంది.

పెంపకం పనులతో జాగ్రత్త

తీగల పని పంటకూ పంటకూ మధ్య, గది శుద్ధి చేసే ముందే ముగించాలి. బ్లీచింగ్ పొడి ద్రావణం రాగి కొనలను తినేస్తుంది. కనుక పిచికారీకి ముందు కరెంటు ఆపి, బిగింపు పెట్టెలు మూసి, సెన్సర్లు ఊడదీయండి. గది ఆరిన తర్వాతే తిరిగి పెట్టండి.

సెన్సరును తట్టల ఎత్తులో, హీటరుకు, కిటికీకి దూరంగా కట్టాలి. జ్వరంలో ఉన్న పురుగులపై చల్లే సున్నపు పొడి సెన్సరుపై పేరుకుంటే తేమ తప్పుగా చూపుతుంది. సున్నం చల్లిన తర్వాత మెత్తని కుంచెతో దులపండి.

కంట్రోలరు ఉన్నా గదిలో మామూలు తడి, పొడి బల్బుల థర్మామీటరును తీసివేయకండి. రెండూ ఒకటే చెబుతున్నాయా అని ఉదయం, సాయంత్రం చూడండి. కరెంటు పోయిన రాత్రి ఉపయోగపడేది అదే.

మరిన్ని వివరాలకు మీ దగ్గరలోని పట్టుపరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రాన్ని సంప్రదించండి.