నెల సరుకుల చీటీ చూస్తే చాలు.. మీ ఇంటి ఆరోగ్యం ఎలా ఉందో తెలిసిపోతుంది!

బరువు తగ్గాలనుకోగానే చాలామంది ముందు చేసే పని అన్నం మానేయడం. పొద్దున్నే ఓట్స్, రాత్రికి చపాతీ, రెండు వారాల పాటు వాకింగ్.. మూడో వారం నుంచి మళ్లీ మామూలే. ఒక్కరి పట్టుదలతో మొదలైన డైట్ ఎక్కువ రోజులు నిలవకపోవడానికి కారణం ఉంది. ఇంట్లో ఉన్నదే వండుతాం, వండిందే తింటాం. అంటే మార్పు మొదలు కావాల్సింది ప్లేటులో కాదు, నెల మొదట్లో కిరాణా షాపుకు ఇచ్చే సరుకుల చీటీలో. ఆ చీటీని ఒక్కసారి లెక్కేసి చూస్తే, ఎక్కడ ఎక్కువ తింటున్నామో, ఎక్కడ తక్కువ తింటున్నామో ఇట్టే తెలిసిపోతుంది.

ఎందుకింత ఆందోళన?

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్ దశలో ఉన్నారని ఆ సర్వే అంచనా వేసింది. ప్రీడయాబెటిస్ అంటే షుగర్ ఇంకా రాలేదు, కానీ గడప దాకా వచ్చినట్టే. తిండి, నడక, నిద్ర సరిచేసుకుంటే వీళ్లలో చాలామంది ఆ గడప దాటకుండా ఆగొచ్చు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024 మేలో భారతీయుల కోసం 17 ఆహార సూచనలు విడుదల చేసింది. దేశంలో మొత్తం వ్యాధుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని అందులో పేర్కొంది. ఈ సంస్థ కథ కూడా మన అన్నంతోనే ముడిపడి ఉంది. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో బెరిబెరి వ్యాధిపై పరిశోధన కోసం ఇది చిన్న కేంద్రంగా మొదలైంది. బాగా పాలిష్ పట్టిన బియ్యమే తింటూ ఉంటే, బి1 విటమిన్ అందక వచ్చే జబ్బే బెరిబెరి. 1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కు వచ్చింది.

నలుగురికి నెలకు ఎంత?

రోజుకు 2,000 క్యాలరీలు అవసరమయ్యే మనిషికి ఏది ఎంత కావాలో ఎన్‌ఐఎన్ 'మై ప్లేట్' పేరుతో చెప్పింది. దాన్ని నలుగురున్న ఇంటికి, 30 రోజులకు లెక్కేస్తే సుమారుగా ఇలా వస్తుంది.

- బియ్యం, గోధుమలు, రవ్వలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి: రోజుకు 250 గ్రాములు. నెలకు 30 కిలోలు.
- పప్పులు, గింజధాన్యాలు: రోజుకు 85 గ్రాములు. నెలకు 10 కిలోలు. గుడ్లు, చేపలు, మాంసం తినేవాళ్లు ఇందులో కొంత తగ్గించుకోవచ్చు.
- కూరగాయలు, ఆకుకూరలు: రోజుకు 400 గ్రాములు. నెలకు 48 కిలోలు.
- పండ్లు: రోజుకు 100 గ్రాములు. నెలకు 12 కిలోలు.
- పాలు, పెరుగు: రోజుకు 300 మిల్లీలీటర్లు. నెలకు 36 లీటర్లు.
- పల్లీలు, నువ్వులు, ఇతర గింజలు: రోజుకు 35 గ్రాములు. నెలకు 4 కిలోల పైచిలుకు.
- నూనె, నెయ్యి: రోజుకు 27 గ్రాములు. నెలకు మూడున్నర లీటర్లు.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే నలుగురికి నెలకు 600 గ్రాములే. కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని అదే సంస్థ చెబుతోంది. నలుగురికి నెలకు 3 కిలోలు. బెల్లం, తేనె, బయట తినే స్వీట్లు, కూల్‌డ్రింక్స్ కూడా ఇందులోకే వస్తాయి.

ఇది ఓ మోస్తరు కొలత మాత్రమే. పొలం పనులు, బరువు పనులు చేసేవాళ్లకు ఎక్కువ కావాలి. పిల్లలకు, పెద్దవాళ్లకు, గర్భిణులకు లెక్క వేరేగా ఉంటుంది.

చీటీలో తేడా ఎక్కడ?

ఇప్పుడు మీ ఇంటి చీటీని పక్కన పెట్టి చూడండి. చాలా ఇళ్లలో నెలకు ఓ 25 కిలోల బియ్యం బస్తా, దానికి తోడు గోధుమపిండి, ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, అటుకులు ఉంటాయి. అంటే 30 కిలోల కోటా నిండిపోయినట్టే. పప్పుల దగ్గరికి వస్తే రెండు మూడు కిలోల కందిపప్పు, కాస్త మినప్పప్పు. 10 కిలోలకు చాలా దూరం. కూరగాయల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. నలుగురికి రోజుకు కిలోన్నర పైనే కావాలి. కానీ పావుకిలో వంకాయలు, నాలుగు టమాటాలతో పూట గడిచిపోయే ఇళ్లే ఎక్కువ.

కందిపప్పు రేటు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ కందిపప్పు ఒక్కటే పప్పు కాదు. పెసలు, శనగలు, అలసందలు, ఉలవలు, కోడిగుడ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. సీజన్‌లో దొరికే సొరకాయ, బీరకాయ, దొండకాయ, తోటకూర, మునగాకు ఖరీదైన విదేశీ కూరగాయలకు ఏమాత్రం తీసిపోవు.

అన్నీ ఒకే నెలలో మార్చేయాలని చూస్తే మళ్లీ మొదటికే వస్తుంది. మొదటి నెల ఒక లీటర్ నూనె తగ్గించి, రెండు కిలోల శనగలో పెసలో రాయండి. రెండో నెల కూరగాయలు పెంచండి. మూడో నెల చక్కెర తగ్గించండి.

అన్నం నాలుగుసార్లు వడ్డించుకుంటున్నారా?

మన భోజనంలో ఓ ప్రత్యేకత ఉంది. పప్పులోకి కొంచెం అన్నం, కూరలోకి కొంచెం, చారులోకి కొంచెం, చివర్లో పెరుగులోకి ఇంకొంచెం. ప్రతిసారీ 'కొంచెమే' అనిపిస్తుంది. నాలుగూ కలిస్తే ప్లేటులో మూడొంతులు అన్నమే. దీనికి సులువైన మార్గం.. అన్నం ఒకేసారి వడ్డించుకుని, దాన్నే అన్నింటికీ సర్దుకోవడం. సగం ప్లేటు కూరలు, ఆకుకూరలతో నింపాలి. పప్పు నీళ్లలా కాకుండా గట్టిగా వండుకోవాలి. ముందు కూర నాలుగు ముద్దలు తిన్నాకే అన్నం కలుపుకుంటే రక్తంలో గ్లూకోజ్ ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది. చివర్లో పెరుగన్నం బదులు గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకోవచ్చు.

చపాతీ తింటే బరువు తగ్గుతారా?

రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే సరిపోతుందనేది చాలామంది నమ్మకం. గోధుమపిండిలో పీచు, ప్రొటీన్ తెల్లబియ్యం కంటే ఎక్కువే. కానీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు. నాలుగైదు చపాతీలు, వాటిపై నూనె, పక్కన బంగాళాదుంప కూర ఉంటే అన్నం మానేసిన లాభమేమీ మిగలదు. రాగులు, జొన్నలు మంచివే. అయితే మెత్తగా పిండి పట్టి పల్చటి జావలా తాగితే, గట్టి సంగటి లేదా రొట్టె కంటే త్వరగా అరిగిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

టీ సంగతీ అంతే. ఒక టీస్పూన్ చక్కెర 4 నుంచి 5 గ్రాములు. రెండు స్పూన్ల చొప్పున రోజుకు నాలుగు టీలు తాగితే 32 గ్రాములు దాటిపోతుంది. ఏ స్వీటూ తినకుండానే రోజు కోటా అయిపోయినట్టే.

ఉప్పు ప్యాకెట్ 50 రోజులు వచ్చింది కదా అని ధీమా పడటానికీ లేదు. కొని తెచ్చే పచ్చళ్లు, అప్పడాలు, చిప్స్, మిక్చర్ ప్యాకెట్లలో ఉప్పు చీటీలో కనిపించదు. టిఫిన్ సెంటర్ దోసెలు, ఆన్‌లైన్ ఆర్డర్ల నూనె కూడా అంతే.

వాకింగ్ ఎంతసేపు? ఎప్పుడు?

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. వారంలో రెండు రోజులు కండరాలకు పనిచెప్పే వ్యాయామాలు కూడా ఉండాలి. 150 నిమిషాలంటే రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు. అంత టైమ్ ఒకేసారి దొరక్కపోతే 10 నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా సరే.

నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగానికి గుర్తు. భోజనం చేశాక 10, 15 నిమిషాలు నడిస్తే మరో లాభం ఉంది. కాళ్ల కండరాలు పనిచేసేటప్పుడు రక్తంలోని గ్లూకోజ్‌ను వాడుకుంటాయి. కాబట్టి తిన్న తర్వాత షుగర్ పెరగడం తగ్గుతుంది. రాత్రి భోజనం అవ్వగానే సోఫాలో కూర్చుని ఫోన్ పట్టుకునే బదులు, ఆ ఫోన్ మాట్లాడుతూ మేడ మీదో వీధిలోనో నడిచినా చాలు.

కండరాల కోసం జిమ్‌కే వెళ్లనక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్స్ చేయడం, మెట్లెక్కడం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎండాకాలంలో పొద్దున్నే లేదా సూర్యాస్తమయం తర్వాతే నడవడం మంచిది.

అయితే 'నడుస్తున్నాం కదా' అని తిండి విషయంలో వదిలేస్తే లాభం లేదు. 30 నిమిషాల నడకలో ఖర్చయ్యేది సుమారు 100 నుంచి 150 క్యాలరీలు. ఒక టేబుల్ స్పూన్ నూనెలో ఉండేది దాదాపు 120 క్యాలరీలు.

వండే మనిషి ప్లేటు కూడా చూడండి

ఇంట్లో ఒకరికి షుగర్ వస్తే వాళ్లకు వేరే వంట, మిగతావాళ్లకు మామూలు వంట. ఈ రెండు వంటల భారం పడేది ఎక్కువగా అమ్మ మీదో భార్య మీదో. అందరికీ వడ్డించి చివర్లో తినేసరికి కూర అడుగంటుతుంది, మిగిలేది అన్నం, పచ్చడి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. అందుకే ఇల్లంతా ఒకే వంట తినాలి. కూర, పప్పు, గుడ్డు వండినవాళ్ల వాటా ముందే తీసి పక్కన పెట్టాలి. కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం పంచుకుంటే ఆమెకూ వాకింగ్‌కు అరగంట దొరుకుతుంది.

వీళ్లు మాత్రం జాగ్రత్త

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే లో షుగర్ వచ్చే ప్రమాదం ఉంది. ముందుగా డాక్టర్‌తో మాట్లాడి మందుల డోసు సరిచేయించుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పప్పులు, ప్రొటీన్ సొంతంగా పెంచకూడదు. మార్కెట్లో దొరికే లో సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది కాబట్టి దాన్ని కూడా డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు. నడుస్తున్నప్పుడు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే ఆగి ఆస్పత్రికి వెళ్లాలి.

ఈ నెల సరుకుల చీటీని ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోండి. మూడు నెలల తర్వాత రాసిన చీటీని పక్కన పెట్టి చూడండి. బియ్యం, నూనె, చక్కెర అంకెలు తగ్గి, పప్పులు, కూరగాయల అంకెలు పెరిగాయంటే ఇంటిల్లిపాదీ సరైన దారిలో ఉన్నట్టే.